రంగుల సాయిబు గారి పెసరట్టు

పోయిన నెల నాకు పడిశం పట్టి నాలుగు రోజులు నోటికి ఏ రుచీ తెలియలేదు. మూడో రోజు మా ఆవిడ దొండకాయ కూర చేసి, "ఎలా ఉందండీ?" అని అడిగింది. "చాలా బాగుంది" అన్నాను. ఆవిడ తన ముద్ద నోట్లో పెట్టుకుని, "అయ్యో రాత, ఉప్పే వెయ్యలేదు కదండీ! ఇంత కూరా ఎలా మింగారు?" అంది. నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నమంతా రంగుల సాయిబు గారే కళ్ల ముందు మెదిలారు. ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ అబద్ధం చెప్పడానికి నాకు అరక్షణం పట్టలేదు. అలాంటి చోట నిజం చెప్పడానికి ఆయన పడ్డ యాతన నేను దగ్గరుండి చూసినవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను.

పంతొమ్మిదివందల ముప్పైల్లో నేను ఏలూరులో బడిపంతులుని. పెళ్లి కాలేదు. కాలవ అవతల ఒక గదిలో ఉండేవాణ్ణి. వారమంతా తొమ్మిదింటికల్లా ఇంత ఉడకేసుకు తిని బడికి పరుగెత్తడమే సరిపోయేది. ఆదివారం ఒక్కటే నా సొంతం. ఆ రోజు తీరిగ్గా తలంటుకుని, ఉతికిన పంచె కట్టి, కాలవ గట్టు మీది కాఫీ హోటలుకు బయలుదేరేవాణ్ణి. ఇడ్లీ, ఉప్మా అక్కడ ఎప్పుడూ దొరికేవే. పెసరట్టు మాత్రం ఆదివారమే, అదీ పది గంటలకే. అటు చద్దన్నం వేళ దాటిపోయి, ఇటు భోజనం వేళ ఇంకా కాని సమయం అది. రెండు అట్లు, పైన ఒక కాఫీ పడితే మళ్లీ సాయంత్రం దాకా పొయ్యి జోలికి పోనక్కర్లేదు. నాలాంటి బ్రహ్మచారులూ, ఇంట్లో భార్యకు చెప్పకుండా వచ్చే సంసారులూ, శనివారం సంతకు పడవ మీద వచ్చి ఆదివారం అట్టు తింటే గానీ తిరిగి వెళ్లని మండవల్లి రైతు ఒకాయనా, అందరం ఆ వేళకు అక్కడ పోగయ్యేవాళ్లం.

హోటలు యజమాని పంతులు గారిది పాత పద్ధతి. లోపలి గది బ్రాహ్మలకు. ముందు హాలు మాబోటి వాళ్లకు. సాయిబులకు వరండాలో బల్ల. అప్పట్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, నాకూ తోచలేదు. హాలుకూ వరండాకూ మధ్య ఊచల కిటికీ ఒకటి ఉండేది. ఇవతల నేను, అవతల బల్ల మీద రంగుల సాయిబు గారు. అలా మూడేళ్లు ఊచల సందులోంచి మాట్లాడుకున్నాం.

ఆయనకు పేరు లేక కాదు. ఎవరూ పేరుతో పిలవగా వినలేదు. తివాచీలు నేసేవాళ్లకు నూలుకు రంగులు వేసి ఇచ్చేవారు కాబట్టి ఊరంతటికీ ఆయన రంగుల సాయిబు గారు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, ఎప్పుడూ తెల్లటి చొక్కాయి. "రంగులతో బతికేవాడు తెల్లబట్ట కట్టాలండీ. ఒంటి మీద చుక్క పడిందంటే చెయ్యి వణికిందన్నమాట. మనకి మనం దొరికిపోవాలి" అనేవారు. చొక్కాయి మీద చుక్క ఎన్నడూ చూడలేదు నేను. గోళ్ల చుట్టూ మాత్రం ఎంత తోమినా ఆ వారం రంగు మిగిలిపోయేది. ఒక ఆదివారం నీలం, ఒక ఆదివారం దానిమ్మ ఎరుపు. ఆ వేళ్లు చూసి ఊళ్లో మగ్గాల మీద ఏ తివాచీ ఉందో చెప్పేవాళ్లం.

కాఫీకి ఆయన గ్లాసు తీసుకునేవారు కాదు. జేబురుమాల్లో చుట్టి తన పింగాణీ కప్పు తెచ్చుకునేవారు. పాలలా తెల్లటి కప్పు. అదెందుకండీ అని ఒకసారి అడిగాను.

"ఇత్తడి గ్లాసులో పోస్తే కాఫీ రంగు తెలవదండీ మేష్టారూ. రంగు తెలవకుండా తాగితే అది కాఫీ ఎలా అవుతుంది?"

సాయిబులకు వేరే గ్లాసులు ఉంచే బాధ తప్పిందని పంతులు గారు సంతోషించారు. ఆయనకు వేరే గ్లాసు ముట్టుకునే బాధ తప్పింది. ఇద్దరూ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆ కప్పు వెనక ఇంత కథ ఉందని నాకు బుర్రకెక్కడానికి ఏడాది పట్టింది.

కప్పును వెలుగుకు పెట్టి చూసి, "ఇవాళ్టిది ఎండుటాకు రంగు" అనో, "పాలెక్కువయ్యాయి, తాటి టెంకలోని తెల్ల బుర్రగుంజు రంగు" అనో ముందు చెప్పి, తర్వాత తాగేవారు. చూసిన రంగే తాగుతున్నట్టు నెమ్మదిగా తాగేవారు.

పెసరట్టు దగ్గర మాత్రం కళ్లు మూసుకునేవారు. అదొక తంతు. పెనం మీద మొదటి అట్టు ఎలాగూ చిరుగుతుంది, అది లెక్కలోకి రాదు. రెండో అట్టు వరండాకు వెళ్లేది. సాయిబు గారు ఒక తునక తుంచి, అల్లప్పచ్చడి అద్ది, నోట్లో పెట్టుకుని కళ్లు మూసేవారు. హాల్లో మాటలు ఆగేవి. లోపలి గది బ్రాహ్మలు కూడా, అటు చూడనట్టు నటిస్తూ, చెవులు ఇటే పెట్టేవారు. నమలడం అయ్యాక ఆయన కళ్లు తెరిచి ఒక్క మాట అనేవారు. "నడుస్తుంది." అంతే. ఆయన నోట అంతకు మించిన పొగడ్త లేదు. బాగా లేకపోతే బాగాలేదని కూడా అనేవారు కాదు. "ఇవాళ కాఫీ తాగుదామండీ" అనేవారు. అలా అన్న రోజున సగం మంది ఇడ్లీలకు తిరిగిపోయేవాళ్లు.

ఈ పెత్తనం ఆయన అడిగి పుచ్చుకున్నది కాదు. నేను ఆ ఊరు రాకముందు ఒకసారి పంతులు గారికి ఎవరో కల్తీ నెయ్యి అంటగట్టారట. వరండాలో కూర్చుని ఒక్క అట్టు తునక తిని, ఇందులో నువ్వులనూనె కలిసిందని సాయిబు గారు చెప్పారట. కాచి చూస్తే నిజమేనట. అప్పట్నించీ పంతులు గారికి ఆయన నాలుక వేదం. ఎవరి చేతి నీళ్లు తాను తాగడో ఆ మనిషి నాలుక మీద అంత గురి! నాకిప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు సహజంగానే ఉండేది.

"మొహమాటం లేకుండా ఎలా చెప్పగలరండీ?" అని అడిగాను ఒకసారి.

"మా పనిలో అదే నేర్పుతారండీ. రంగు కుదరకపోతే నూలు మగ్గం ఎక్కకముందే చెప్పెయ్యాలి. రంగు దగ్గర మొహమాటపడితే ఉతుకు దగ్గర పరువు పోతుంది" అన్నారు.

పెసరట్టు వేసేది నరసింహం. తాడేపల్లిగూడెం పక్కన పెంటపాడు అతనిది. నలభై ఏళ్లుంటాయి. మాటకారి కాదు. రెండో అట్టు వరండాకు పంపి, వంటగది గుమ్మంలో అట్లకాడ పట్టుకుని నిలబడేవాడు. "నడుస్తుంది" అన్న మాట వినపడగానే తల వంచుకుని లోపలికి వెళ్లిపోయేవాడు. ఆ తల వంచడంలో అతని సంతోషమంతా ఉండేది.

వానలు వెనకబట్టిన రోజుల్లో సాయిబు గారికి జ్వరం వచ్చింది. రెండు ఆదివారాలు బల్ల ఖాళీగా ఉంది. మూడో ఆదివారం వచ్చారు. చిక్కిపోయారు గానీ చొక్కాయి మాత్రం ఎప్పట్లాగే తెల్లగా ఉంది. అట్టు తుంచి, కళ్లు మూసుకుని చాలాసేపు నమిలారు.

"ఇవాళ కాఫీ తాగుదామండీ" అన్నారు.

కాఫీ కప్పులో చూసి, ఎండుటాకు రంగు భేషుగ్గా కుదిరిందన్నారు. ఆ పై వారం కూడా అట్టుకు అదే మాట, కాఫీకి అదే మెప్పు. మూడో వారమూ అంతే. నరసింహం గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అల్లం మార్చానండీ. పెసలు కొత్తవి తెప్పించానండీ. ఏం తగ్గిందో చెప్పండి, దిద్దుకుంటాను" అన్నాడు, ఎన్నడూ నోరు విప్పనివాడు. సాయిబు గారు బాధగా తల ఊపారు. "ఏది తగ్గిందని చెప్పనయ్యా? అన్నీ తగ్గాయి. చప్పగా ఉంది" అన్నారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఆ మూడు వారాలూ నేను ఆ పెసరట్టు తిన్నాను. బాగుంది. ఎప్పటిలాగే ఉంది. కానీ సాయిబు గారే అలా అన్నాక నా నాలుక మీద నాకే అనుమానం వచ్చింది. నాకే కాదు, హాలంతటికీ వచ్చింది. మండవల్లి రైతు, "అవునండోయ్, ఆ కమ్మదనం లేదు" అన్నాడు. ఇంకొకాయన జీలకర్ర చాల్లేదన్నాడు. పంతులు గారు నా దగ్గరికి వచ్చి, "మీరు చదువుకున్నవారు, ఉన్నమాట చెప్పండి మేష్టారూ" అన్నారు. నరసింహం గుమ్మంలోంచి నన్నే చూస్తున్నాడు. ఉన్నమాట నా నాలుక మీదే ఉంది. "అవునండీ, కాస్త తగ్గింది" అన్నాను. తెలివితక్కువవాణ్ణని అనిపించుకోవడం ఇష్టం లేక అన్నాను. అంతకన్నా కారణం లేదు.

ఆ సాయంత్రమే పంతులు గారు నరసింహాన్ని మానిపించారు.

తర్వాతి ఆదివారానికి కొత్త వంటాయన వచ్చాడు. సాయిబు గారు తునక నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఏమీ అనలేదు. కాఫీ తెప్పించుకుని, కప్పును వెలుగుకు పెట్టి, తాగి, కిటికీ వైపు తిరిగారు.

"మేష్టారూ, కాఫీ ఎలా ఉందండీ?"

మూడేళ్లలో ఆయన ఎవరినీ ఆ ప్రశ్న అడగగా నేను వినలేదు. "చేదుగా ఉందండీ. డికాషన్ మాడినట్టుంది" అన్నాను.

"చేదా?" అన్నారు. కప్పులోకి మళ్లీ చూశారు. "రంగు బాగుందండీ" అని గొణిగారు. ఆకు పక్కన ఉన్న ఉప్పు చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. కాసేపు ఆగి ఇంకో చిటికెడు వేసుకున్నారు. పచ్చిమిరపకాయ తొడిమె తీసి కసుక్కున కొరికి నమిలారు. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ నీళ్లతోనే నా వైపు చూశారు.

"మంట తెలుస్తోందండీ. కారం తెలవట్లేదు. ఉప్పు ఇసకలా ఉంది. జ్వరం పథ్యం కదా, ఇంట్లో అన్నీ చప్పగానే పెడుతున్నారనుకున్నాను. కోడలు పిల్లని కూడా విసుక్కున్నాను." ఊచలు పట్టుకుని గొంతు తగ్గించారు. "నరసింహం అట్టు బాగానే ఉండి ఉంటుందండీ, కదూ?"

నేను నా కాఫీ గ్లాసు పక్కకి జరిపి పెట్టాను.

"ఎక్కడికెళ్లాడో తెలుసాండీ?"

"పెంటపాడు వెళ్లిపోయాడన్నారండీ."

పై ఆదివారం పొద్దున్నే ఇద్దరం తాడేపల్లిగూడెం రైలెక్కాం. తోడు రమ్మని ఆయన అడగలేదు, నేనే బయలుదేరాను. మూడేళ్లలో మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. మధ్యన ఊచలు లేకపోయేసరికి ఇద్దరికీ మాట దొరకలేదు. ఎదురు బల్ల కింద కొల్లేటి చేపల బుట్టలు. కిటికీ బయట పండిన వరి, గట్ల మీద కొంగలు. రెండు స్టేషన్లు దాటాక ఇక ఉండబట్టలేక చెప్పేశాను, ఆ రోజు నాకు అట్టు బాగానే ఉందని, ఆయన మాట విని అబద్ధమాడానని.

సాయిబు గారు తల తిప్పి నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో.

"మీ నాలుక బాగానే ఉండి ఆ మాట అన్నారా మేష్టారూ? అయితే నాకన్నా మీ జబ్బే ముదిరిందండీ" అన్నారు.

అని, నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ వారం వేళ్లకు పసుపురంగు ఉంది. జీవితంలో నన్ను ఎవరైనా అంత మెత్తగా అంత గట్టిగా చీవాట్లు పెట్టింది లేదు.

నరసింహం ఇల్లు తాటాకు ఇల్లు. ముందు చిన్న అరుగు. మమ్మల్ని చూసి అతని మొహం మాడిపోయింది. అయినా చేటంత చాప తెచ్చి అరుగు మీద పరిచాడు. బ్రాహ్మల ఇంటి అరుగు, కాబట్టి నేనూ లోపలికి వెళ్లేవాణ్ణి కాదు. ఆ చాప మీద నాకూ సాయిబు గారికీ తేడా లేదు.

"నరసింహం, నీతో ఒక మాట చెప్పాలని వచ్చానయ్యా" అని సాయిబు గారు మొదలుపెట్టారు.

"ఎండన పడి వచ్చారు. ముందు ఇంత నోట్లో వేసుకోండి, తర్వాత ఎంత తిట్టినా పడతాను" అని అతను లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి రుబ్బురోలు చప్పుడు మొదలైంది. పెసలు ఆ ఇంట్లో నానే ఉన్నాయి. పని లేకపోయినా ఆదివారం అని చేతులకు గుర్తున్నట్టుంది. ఆ చప్పుడు వింటూ అరగంట కూర్చున్నాం. సాయిబు గారు రెండుసార్లు లేచి నిలబడి మళ్లీ కూర్చున్నారు.

అరిటాకుల్లో వేడి అట్లు వచ్చాయి. ఒక తునక తిన్నాను. ఏలూరులో ఆ హోటల్లో మూడేళ్లు తిన్నదానికన్నా బాగుంది. సాయిబు గారు కళ్లు మూసుకోకుండానే తిన్నారు. ఆకులో తునక మిగల్చలేదు. నరసింహం అట్లకాడ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు వెనక అతని భార్య చీర చెంగు కనిపిస్తోంది.

"ఇప్పుడైనా చెప్పండి బాబూ, ఏం తగ్గిందండీ?" అన్నాడు.

"నాకు తెలవదు నరసింహం" అన్నారు సాయిబు గారు. "జ్వరం తగిలి లేచిన కాణ్ణించీ నా నోటికి రుచి పోయింది. ఇప్పుడు తిన్నది కూడా వేడి తెలిసింది, అంతే. నీ అట్టు చెడలేదయ్యా. చెడింది నా నోరు. అది తెలుసుకోకుండా నీ చేతికి వంక పెట్టాను."

నరసింహం అట్లకాడ గోడకి ఆనించాడు. తలుపు వెనకనుంచి భార్య గొంతు వినబడింది. మెత్తటి గొంతే.

"ఆ మాట మా అరుగు మీద చెబితే సరిపోతుందాండీ? అప్పుడన్న మాట ఏలూరంతా విన్నారు కదండీ. మా ఊరు దాకా వచ్చేసిందండీ అది. చెయ్యి చెడిన వంటవాడని మొన్న గణపవరం పెళ్లివారు ఇచ్చిన తాంబూలం వెనక్కి పట్టుకుపోయారండీ."

సాయిబు గారు చాప మీదనుంచి లేచారు. "నిజమేనమ్మా" అన్నారు తలుపు వైపు చూడకుండా. "వచ్చే ఆదివారం పది గంటలకి ఆయన్ని ఏలూరు పంపించండి. నేను చెబుతాను."

తిరుగు రైల్లో ఆయన ఒక్క మాటే మాట్లాడారు. "అరవై ఏళ్లలో నాకంటూ ఉన్న గౌరవం ఆ బల్ల ఒక్కటేనండీ మేష్టారూ" అన్నారు. తర్వాత కొంగలను చూస్తూ కూర్చున్నారు.

ఆ ఆదివారం హోటలు నిండుగా ఉంది. నరసింహం వచ్చి వీధిలో, గన్నేరు చెట్టు పక్కన నిలబడ్డాడు. సాయిబు గారు బల్ల మీద కూర్చోలేదు. కప్పు కూడా తెచ్చుకోలేదు. నేరుగా హాలు గడప దాకా వచ్చి ఆగారు.

"అయ్యా, అందరూ ఒక మాట వినండి" అన్నారు.

ఆయన గొంతు పెంచడం అంతకు ముందు ఎవరమూ వినలేదు. పంతులు గారు కంగారుగా ఎదురొచ్చి, "దానికేముంది సాయిబు గారూ, అలా లోపలికి... అదే, అలా పక్కకి రండి, మాట్లాడుకుందాం" అన్నారు.

"లోపలికి నేను రాకూడదు కదండీ పంతులు గారూ. ఇక్కడే నించుని చెబుతాను, అందరికీ వినబడుతుంది."

చెప్పారు. జ్వరం సంగతి, ఉప్పు సంగతి, మూడు వారాలు తను అన్న మాట సంగతి. "నరసింహం అట్టులో ఏ లోటూ లేదండీ. లోటు నా నోట్లో ఉంది. నా మాటకి ఒక మనిషి పని పోయింది. తప్పు నాది. ఇక ముందు రుచి గురించి నన్నెవరూ అడక్కండి, నాకు తెలవదు" అన్నారు.  ద్వారబంధం మీద చెయ్యి ఆనించకుండా నిలబడ్డారు.

 ముందుగా మండవల్లి రైతు, "నేనప్పుడే అనుకున్నానండోయ్! నా నోటికి బాగానే ఉండేది" అన్నాడు. జీలకర్ర చాల్లేదన్న ఆయన, "నాకూ భేషుగ్గా ఉండేదండీ, మనకెందుకులే అని ఊరుకున్నాను" అన్నాడు. ఇంక హాలంతా అదే మాట. లోపలి గదిలోంచి కూడా వచ్చింది. ఆ గోలలో నా గొంతూ ఉంది. సాయిబు గారు గడప దగ్గర్నించే నా వైపు చూసి, కనీ కనబడకుండా నవ్వి, వరండా మెట్లు దిగి వెళ్లిపోయారు.

పంతులు గారు వీధిలోకి వెళ్లి నరసింహం చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. కొత్త వంటాయన ఇడ్లీల వైపు మారాడు. అంతా సర్దుకుందనే అనుకున్నాం. రెండు ఆదివారాలు వరండా బల్ల ఖాళీగానే ఉంది. పాపం, మొహం చెల్లక రావడం లేదన్నారు అందరూ. అని, తృప్తిగా పెసరట్లు తిన్నారు. నేనూ తిన్నాను.

మూడో ఆదివారం పదిన్నరైనా హాల్లోకి అట్టు రాలేదు. లోపలి గదిలోకీ రాలేదు. పంతులు గారు వంటగదిలోకి వెళ్లి తల గోక్కుంటూ వచ్చారు. నరసింహం రెండో అట్టు ఆకులో పెట్టి వరండా బల్ల మీద ఉంచాడట. అది తినే మనిషి వస్తే గానీ మూడో అట్టు వెయ్యనంటున్నాడట.

"మేష్టారూ, మీరు కాస్త వెళ్లి రండి" అన్నారు పంతులు గారు.

సాయిబు గారు ఇంటి వెనక దండేల మీద నూలు ఆరేస్తున్నారు. నన్ను చూసి ఆశ్చర్యపోయారు. సంగతి చెబితే తల అడ్డంగా ఊపారు. "నాకెందుకండీ పెసరట్టు? రాయి నమిలినా నాకొకటే" అన్నారు.

"మీకు కాదండీ, అక్కడ మాకు ఆకలేస్తోంది" అన్నాను.

ఆయన చేతులు కడుక్కుని, చొక్కాయి మార్చుకుని నాతో వచ్చారు. ఆయన బల్ల మీద కూర్చోగానే చల్లారిన అట్టు తీసేసి, నరసింహం వేడిది తానే పట్టుకుని వరండాలోకి వచ్చాడు. వంటవాడు అలా బయటికి రావడం ఆ హోటల్లో లేదు. నేను కూడా హాల్లోకి వెళ్లకుండా ఆ బల్ల మీదే ఓ పక్క కూర్చున్నాను. పంతులు గారు చూశారు. ఏమీ అనలేదు.

"నాకు తెలవదు కదయ్యా నరసింహం" అన్నారు సాయిబు గారు.

"నేను చెబుతానండీ. మీరు తినండి."

సాయిబు గారు తునక తుంచి నోట్లో పెట్టుకున్నారు. నరసింహం ఆయన కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మనిషి అన్ని మాటలు ఆడగలడని నాకు తెలియదు.

"పెసలు కొత్తవండీ, కమ్మగా ఉన్నాయి. పచ్చివాసన లేదు. అల్లం లేతదండీ, ముందు వాసన వచ్చి, ఆనక ఘాటు తెలుస్తుంది. జీలకర్ర పంటి కింద అక్కడక్కడ తగులుతుంది. అంచు కరకరలాడుతుందండీ, నడిమి మెత్తగా ఉంటుంది. పచ్చడిలో బెల్లం రవ్వంత ముందుందండీ, పులుపు దాని వెనకాల వస్తుంది."

సాయిబు గారు కళ్లు మూసుకున్నారు. ఒక్కొక్క మాటకీ నెమ్మదిగా నములుతున్నారు. హాల్లోవాళ్లు కిటికీ దగ్గరికి చేరారు.

"మరి ఉప్పు?" అని అడిగారు కళ్లు తెరవకుండానే.

నరసింహం అట్లకాడకి అంటిన తునక నోట్లో వేసుకున్నాడు. అట్లకాడ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. సరిపోయిందని అంటే కాదనే నాలుక అక్కడ లేదు. కిటికీ వెనక పంతులు గారు నిలబడి ఉన్నారు, పని మళ్లీ దొరికి ఇంకా నెల తిరగలేదు.

"ఉప్పు ఒక పిసరు తగ్గిందండీ" అన్నాడు.

సాయిబు గారు కళ్లు తెరిచి అతని భుజం పట్టుకున్నారు. పెద్దగా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేను వినడం అదే మొదలు. కళ్ల నీళ్లు మాత్రం తుడుచుకోలేదు. నరసింహం లేచి, సగం తిన్న ఆకు తీసుకుని లోపలికి వెళ్లాడు. ఉప్పు కలిపి మళ్లీ వేసిన అట్టు వచ్చేదాకా హాల్లోనూ, లోపలి గదిలోనూ అందరూ ఖాళీ ఆకుల ముందు కూర్చున్నారు. పదకొండున్నర దాటింది. ఆకలని ఒక్కరూ అనలేదు.

ఆ రోజు పెసరట్టు ఎలా ఉందని ఇప్పుడు ఎవరైనా నన్నడిగితే, ఎవరి మొహమూ చూడకుండా చెప్పగలను. చాలా బాగుంది.